చిత్రిక

నాగఓకాలో ఆ ఏడు మంచు తొందరపడింది.
కాలిన ఊరి మీద
బూడిదేదో మంచేదో తెలియలేదు.

మా నాన్న బోర్డులు రాసేవాడు.
నేను సిరా నూరేదాన్ని.
పదిహేడేళ్ళు నాకు, ఎప్పుడూ నల్లటి వేళ్ళు.

నవంబరులో సెకిహారా గారు వచ్చారు,
బియ్యపు సారా బట్టీ ఆసామి,
చంకలో దేవదారు పలక.
"కొత్త పార్టీ పెట్టాం."
"పేరు?"
"ప్రగతి."
నాన్న నవ్వలేదు.
నవ్వు ఆపుకోవడం కూడా ఆ వృత్తిలో భాగమే.

పలక తిప్పి చూశాడు.
దాని మీద యుద్ధం నాటి సంఘం పేరు,
తన చేత్తో రాసిందే.
"చెక్కకి కరువు. చిత్రిక పట్టి దీని మీదే రాయి."
పట్టాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది,
ఒక్కో చుట్టలో ఒక్కో అక్షరం ముక్క.
ఆ రాత్రి మా చిలగడదుంపలు
వాటి మంట మీదే ఉడికాయి.

జనవరిలో టోక్యో నుంచి జాబితా దిగింది,
జీపుల వాళ్ళు రాయించింది.
పెద్ద తలలన్నీ పదవికి పనికిరావంది.
ఆఫీసులో కుర్చీలు మిగిలాయి,
టీ పోసే కుర్రాడు మిగిలాడు.
సెకిహారా గారు తన బదులు తమ్ముణ్ణి నిలబెట్టారు.
తమ్ముడికి ఉపన్యాసం రాదు,
అన్నగారి దగ్గు మాత్రం అచ్చంగా వచ్చు.

ఏప్రిల్లో అమ్మ
జీవితంలో మొదటి ఓటు వేసొచ్చింది.
ఎవరికని నాన్న అడగలేదు.
ఆ పూట చారులో ఉప్పెక్కువైంది,
ఎవ్వరం ఏమీ అనలేదు.

మంచు కరిగే రోజుల్లో
చూరునీళ్ళు బోర్డు మీద కారేవి.
తడిస్తే చాలు, ప్రగతి అడుగునుంచి
పాత సంఘం మెల్లగా పైకి తేలేది.
దారినపోయేవాళ్ళు చూసి
గొడుగు కాస్త కిందికి దించుకునేవాళ్ళు.
ఎండకి మళ్ళీ మాయం.

పదహారు నెలలు.
మా వీధిలో ఆ నవంబరున పుట్టిన పిల్ల
నడక నేర్చి, ఇంకా మాటలు రాని వయసు.
అంతలో పార్టీ లేదు.

తమ్ముడు వచ్చాడు, చంకలో అదే పలక.
"ఈసారి ప్రజాస్వామ్యం" అని దగ్గాడు.
నాన్న గోటితో తట్టి విన్నాడు,
అంచు వెలుగుకి పట్టి చూశాడు.
"ఇంకొక్క పేరు మోస్తుంది.
ఆ పైన పేరుంటుంది, చెక్క ఉండదు."

ఆ మరుసటేడే దాన్ని మళ్ళీ తెచ్చారు.
నాన్న డబ్బు వెనక్కిచ్చి
పలక మాత్రం ఉంచుకున్నాడు.
అమ్మ దాని మీద కూరలు తరిగింది,
తరవాత నేను.

ఈ రోజు ముల్లంగి తరుగుతుంటే
తడికి ఒక గీత లేచింది, వంపు తిరిగి.
ఏ పేరులోదో పోల్చుకోలేను.
సిరా మాత్రం నేను నూరిందే.