అంపైరు కార్డు

గూడూరు రైలుగేటు పక్క జిలానీ కొట్లో
రూపాయి బబుల్‌గమ్ము కొంటే ఒక క్రికెట్ కార్డు.
గమ్ము రెండు నిమిషాల్లో చప్పబడేది.
కార్డు మాత్రం ఎండాకాలమంతా నమలొచ్చు.

మగపిల్లలకు పరుగులు కావాలి.
కార్డుల వెనక అచ్చేసిన అంకెలు కూడి
అయిదొందలైతే బ్యాటొస్తుందని ఆశ.
నాకు రూపాయి లేదు. అభ్రకం ఉంది.
షెడ్డు వెనక తుక్కు కుప్పలో
మోకాళ్ళదాకా దిగి ఏరుకొచ్చిన ముక్కలు.
బ్లేడు మొనతో గీరి ఊదితే
పొర వెనక పొర, పొర వెనక పొర,
ఉల్లిపాయకైనా చివరుంటుంది గానీ దానికి లేదు.
రెండు పొరల మధ్య కార్డు పెట్టి
అంచులకు మైదా జిగురు రాస్తే
చెమట చేతులంటవు, వాన తడపదు.
నాలుగు కార్డులకు తొడుగులేసిస్తే నాకొక పాత కార్డు.
ఇంటికొచ్చేసరికి జుట్టంతా మెరుపులు,
అమ్మ దువ్వెనను గడపకు కొట్టి దులిపేది.

అట్లా పదకొండు సంపాదించి
పదకొండూ ఎవరెవరికో ఇచ్చేశాను.
నాకు కావల్సింది ఒక్కటే.
అది పెంచల్‌ప్రసాదు దగ్గరుంది.
అంపైరు. తెల్ల కోటు, వెడల్పు టోపీ,
కుడిచెయ్యి పక్కకు చాచి నోబాల్ అంటున్నాడు.
వెనక పరుగుల చోట సున్నా.
లెక్కల పుస్తకంలో గుర్తుకు పెట్టుకునేవాడు దాన్ని.
ఎందుకే నీకు, అన్నాడు. చెప్పలేదు.
నాకు కావాలని తెలిసిన రోజునుంచి
సున్నాకు రేటు పెరిగింది.
"మచ్చలేని రేకు, అరచెయ్యంత. తుక్కు కాదు మే."

నాయన గూడ్సు బండి గార్డు.
మద్రాసు వైపో బిట్రగుంట వైపో పోయేవాడు,
ఇంట్లో ఉన్న పూటల్లో నిద్రపోయేవాడు.
నేను ఆయన్ని బాగా చూసింది గేటు దగ్గరే:
నలభై పెట్టెలు లెక్కపెట్టాక
చివరి పెట్టె వాకిట్లో తెల్ల చొక్కా,
చాచిన చెయ్యి, దాని కొసన పచ్చజెండా.
ముఖం పోల్చుకునేలోపు బండి దాటిపోయేది.
కార్డు మీది మనిషికి కూడా
రంగులు ఒకదాని మీదొకటి జరిగి
ముఖం సరిగ్గా పడలేదు.
అందుకే.

అరచెయ్యంత రేకు కుప్పలో దొరకదు.
యాడుందో మాత్రం తెలుసు.
అమ్మ చౌకదుకాణం వరసలో నిలబడ్డ మధ్యాహ్నం
ఇస్త్రీ పెట్టె మరలు ఊడదీశాను.
కాయిలుకు కిందొకటి, పైనొకటి.
తీగ ఆనిన చోట తేనెరంగు గీత తప్ప మచ్చ లేదు.
ఒకటి వాడికి, ఒకటి నాకు.
గీతేందని వాడు పది నిమిషాలు నసిగాడు,
సూర్యుడి కడ్డం పెట్టి చూసి, సరే అన్నాడు.
కాయిలు చుట్టి బడిసంచిలో దాచి
మరలు మళ్ళీ బిగించాను.
లోపలేమీ లేకపోయినా
పెట్టె పెట్టెలాగే ఉంది.

ఆ సాయంత్రమే డ్యూటీ.
అమ్మ ప్లగ్గు పెట్టి, కాసేపాగి
పెట్టె అడుగున నీళ్ళు చిలకరించింది.
చుయ్‌మనలేదు.
ఇంకో ప్లగ్గులో పెట్టింది. కరెంటోళ్ళను తిట్టింది.
మూడోసారి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు,
నా వైపు తిరిగింది.

కార్డు నాయన చేతిలో పెట్టాను.
ముందు చూశాడు, వెనక సున్నా చూశాడు,
గోటితో అభ్రకం మీద టిక్కుమనిపించాడు.
"ఈయన చొక్కా ఇస్త్రీ చూడు, ఎట్టుందో!"
అంతే అన్నాడు.
నలిగిన తెల్లచొక్కా తొడుక్కుని
పొట్ట మీది మడతల్ని అరచేత్తో రెండుసార్లు రుద్ది
సైకిలెక్కాడు.

గేటుకు పరిగెత్తాను.
పెట్టెలు లెక్కపెట్టలేదు ఆ రోజు.
చివరి పెట్టె వచ్చింది, అందులో
ముడతలు ముడతలుగా నాయన.
జెండా చంకలో ఇరికించుకుని
రెండు చేతులూ నిలువునా పైకెత్తాడు.
సిక్సరు.

గేటు తీస్తారని కాచుకున్న నిమ్మకాయల లారీ డ్రైవరు
అది తనకేననుకుని
కిటికీలోంచి చెయ్యూపాడు.