కిందికి కట్టిన చుక్క

పత్తి ఆఖరి ఏరుడు అయిపోయింది.
కాలెండర్ల ఒక్క కాగితమే మిగిలింది, డిసెంబరు.
గోళ్ల సందుల కాయల మొనలు ఇంకా సలుపుతున్నయి,
ఆ చేతులతోనే అటుక మీది చుక్కను దించిన.

వెదురు బొక్కలే మిగిలినయి దానికి.
నిరుటి కాగితమంత ఎలుకలు కొరికినయి,
నడుమ ఒక సాలెపురుగు సంసారం పెట్టుకుంది.
"పండుగ నెల పడ్డది తల్లీ, ఇల్లు ఖాళీ చెయ్" అన్న.

మైదా ఉడికించి బంక కాసిన.
మర్రిగూడ అంగట్ల మా ఆయన రంగుకాగితాలు తెచ్చిండు,
ఎర్రయి రెండు, పచ్చది ఒకటి,
నాకు లెక్క చెప్పకుండ ఒక చమ్కీ దండ.
గ్లోరీ, ప్రశాంతు కూసొని
బంక సగం చుక్కకు, సగం మూతులకు పూసుకున్నరు.

గోడ పగుళ్లకు ఎర్రమట్టి మెత్తిన. గడపకు సున్నం.
కిటికీకి రెక్క లేదు, గోనెసంచి కట్టి
దానికి పాత చీరె అంచు కుట్టిన,
చలికి తెల్వాలె కద ఇది పండుగ ఇల్లని.
పొయ్యిల పత్తికట్టె చిటపటమంటుంటే
బెల్లం, కొబ్బరి, నువ్వుల వాసన
గొంగడి లోపలిదాక వచ్చి పండుకున్నది.

ఇగ చుక్కను కట్టాలె.
ఊరందరు ఎత్తుకు కడుతరు.
ఏలియా వాళ్లది డాబా మీద,
చర్చిది మైకు గుంజకు, సెల్ టవరుతోని పోటీ.
మాది వసార దూలం నుంచి తీగె జారవిడిచి
నడుమెత్తు కాడ ఆపినం.

"ఏందే, మీ చుక్క భూమ్మీదికి దిగిందా?"
అడగని మనిషి లేడు.
దానికి సమాధానం మా అరుగు మీదనే కూసుంటడు.

మా బావ. పేరే సమాధానం.
నలభై ఆరేండ్లు.
బడి ఎనుక బోరింగు కాడ
దోసిలి పట్టి కడుపునిండ తాగిన పిల్లగాడు.
గిన్నెల అడుగున తెల్లగ పేరుకున్న నీళ్లే
ఆయన వెన్నుల పేరుకున్నయి.
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయి, తియ్యగున్నయి,
బొక్కలకు మాత్రం ఎనకటి నీళ్లే యాది.

మెడ లేవదు.
మబ్బు పట్టిందని నీడ మాసినంక చెప్తడు.
పున్నమిని బిందెల చూస్తడు.
పోయినేడు చుక్కను పైన కడితే
వాకిట్ల దాని వెలుగు పడ్డ జాగ చూసి
"ఎర్రగుంది, మంచిగుంది" అన్నడు.
ఆ రాత్రి గరిజ నా గొంతుల దిగలే.

కిందికి కడితే కష్టం లేదని కాదు.
రెండోనాడే మేక వచ్చి ఒక కొన నమిలింది.
ఎవలదో పెండ్లిపత్రిక కత్తిరించి అతికేసినం,
బల్బేస్తే ఇప్పుడు మా చుక్క మీద
"చి.ల.సౌ." అని వెలుగుతది,
పిల్ల పేరు మేక కడుపుల పోయిందని గ్లోరీ నవ్వుతది.

నిన్న రాత్రి పాటల గుంపు వచ్చింది,
కంజిర, డోలకు, మఫ్లర్లు, మంచు.
మా చుక్కను చూడాల్నంటే ఎవలైన వంగాల్సిందే.
దండానికి వంగినట్టు కాదు,
బావ వంగినట్టు.
ఆరడుగుల పాస్టరయ్య గొంతుకూసొని చూసిండు,
మోకాలు పట్టుకొని "అమ్మా" అని లేసిండు.

వాళ్లు పోయినంక వాడ సల్లబడ్డది.
బావ చాయ పక్కకు పెట్టి
చానసేపు దాన్నే చూసిండు, ఎదురుంగ, కంటికి కన్ను పెట్టి.
ఏమంటడో అని నేను గడపల నిలబడ్డ.

"ఒక కొన వంకరున్నది" అన్నడు.

సరి చేద్దామని మా ఆయన లేసిండు.
"ఉండనియ్" అన్నడు బావ.

జీరో బల్బుకు సెగ ఉండదని ఆయనకు తెలుసు.
అయినా గొంగడిల నుంచి రెండు చేతులు బయటికి తీసి
దాని ముందట చాపి
కాగుతున్నడు.