చూరు లెక్క

జనవరి ఆఖరి ఆదివారం, ఉదయం తొమ్మిదికి
వంటింటి కిటికీ దగ్గర కుర్చీ లాక్కునేది ఎనిడ్.
గంటసేపు. అంతే.
ఒక్కసారిగా కళ్ల ముందు ఎన్ని వాలితే అన్ని,
వెళ్లిందే మళ్లీ వస్తే రెండనకూడదు.
తూకంరాయికి సిగ్గు పుట్టించే మనిషి మా అక్క.
ఆ గంటా నన్ను దగ్గనిచ్చేది కాదు.

నేను ఇళ్ల కప్పులు వేసేవాణ్ని.
గ్రిమ్స్‌బీలో, పడవలు పోయినా
చేపల వాసన పోని వీధుల్లో
నలభై ఏళ్లు నిచ్చెన మీదే.
చూరు పట్టుకు వేలాడటం అంటారే,
నాకది సామెత కాదు, జీతం.

పోయినేడు మార్చిలో అక్క పోయింది.
బిస్కట్ల డబ్బాలో, రబ్బరు బ్యాండు కింద
ఆమె నోట్‌బుక్కు దొరికింది.

డెబ్భై తొమ్మిది: పిచ్చుకలు నలభై ఒకటి.
స్టార్లింగులకు అంకె లేదు,
'కంచె నల్లబడింది' అని ఉంది.
ఎనభై ఆరు: పిచ్చుకలు ముప్పై మూడు,
పక్కింటి పిల్లి మీద ఒక తిట్టు.
తొంభై మూడు: పదకొండు.
పెన్సిల్ అక్కడ కాస్త గట్టిగా ఒత్తుకుంది.
ఆ తర్వాత ఎర్ర మొహాల గోల్డ్‌ఫించ్‌లు రెండు,
'ఎవరింటికో వెళ్తూ మాయింటికొచ్చాయి, ఉండనీ.'
రెండువేల ఏడు: గ్రీన్‌ఫించ్ ఒకటి, గింజల గొట్టం కింద,
ఈకలు ఉబ్బించుకుని, మింగలేక.
'జబ్బు పళ్లెం నుంచే అంటుకుంటుందట.
పళ్లెం పెట్టింది నేను.'
ఆ ఏడు అంకెలు లేవు.
వేడినీళ్లు, బ్రష్షు, వేడినీళ్లు అని మాత్రం రాసుకుంది.

నా పనుల పుస్తకం కూడా తీశాను.
రెండూ పక్కపక్కన పెట్టడం
ఏ దయ్యం చెప్పిందో.

తొంభై ఒకటి, రెండు: వీల్‌రైట్ వీధి,
పద్నాలుగో నంబరు నుంచి నలభై దాకా.
పుచ్చిన చెక్క పీకి తెల్ల ప్లాస్టిక్ పలకలు.
గాలి చొరదు, చెమ్మ చొరదు,
ఇరవై ఏళ్ల గ్యారంటీ, రసీదుతో సహా.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటారు.
అంత అక్కర్లేకపోయింది,
సిలికాన్ ట్యూబు చాలింది.

ఇరవై ఆరో నంబరు చెక్క వెనక
గడ్డి, చిప్స్ పొట్లం ముక్క, ఎవరిదో ఊలు దారం,
నాలుగు గుడ్లు.
చేతి తొడుగు తీసి ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి.
బకెట్లో వేశాను.
దిగి టీ తాగాను.
ఆ రాత్రి అక్క అడిగింది:
'గూళ్లేమైనా కనిపించాయా, గిల్బర్ట్?'
'అబ్బే,' అన్నాను,
ఉప్పు ఇటివ్వమన్నాను.

ఈ జనవరిలో కుర్చీలో నేను కూర్చున్నాను.
అడవి పావురాలు రెండు,
బాకీ వసూలుకొచ్చినట్టు పచ్చిక మీద నడిచాయి.
గోల్డ్‌ఫించ్‌లు ఏడు.
రాబిన్ ఒకటి, నన్నే లెక్కపెడుతున్నట్టు.
తొమ్మిదీ యాభైరెండుకి
ఎదురింటి చూరు మీద ఒక మగ పిచ్చుక.
తెల్ల పలక అతుకుని రెండుసార్లు పొడిచింది.
నా పనే. అతుకు ఊడలేదు.
మొదటిసారి నా పనితనం మీద కోపమొచ్చింది.

ఎదురింట్లో ఉండేది డొవీలె, లిథువేనియా పిల్ల,
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
నిద్ర కళ్లతోనే నిచ్చెన పట్టుకుంది.
'పైన ఏం పాడైంది తాతా?'
'ఏమీ పాడవలేదమ్మా, అదే గొడవ.'
డెబ్భై నాలుగేళ్ల మోకాళ్లు వణికాయి.
ముప్పై రెండు మిల్లీమీటర్ల బిట్టు పెట్టి
డ్రిల్లు నొక్కాను.
తెల్ల పొడి ఆమె జుట్టు మీద రాలింది.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్.
ఎవరూ రాలేదు.
మేలో ఆ కన్నంలోకి
ఒక బొద్దు తుమ్మెద దూరింది,
వెనకే ఇంకొన్ని.
అక్క గీసిన గళ్లలో తుమ్మెదకు చోటు లేదు.
అంచున రాశాను,
పెన్సిల్ చెక్కుకుని.