ఆగి ఆగి

అంకీసల నా దుకాణానికి
బోర్డు మరాఠీల, బేరం తెలుగుల.
సర్కారు కాయితంల మా ఇంటిపేరు చివర
ఎవడో 'వార్' తగిలిచ్చిండు.
ఊరికి మాత్రం నేను స్ప్రేయర్ల పోచాలునే.

డబ్బాతోని వచ్చే పుస్తకంల
కూతల గురించి రెండు పేజీలుంటయి.
చదివేటోళ్లు లేక
వాటిల్ల మిరప విత్తనం పొట్లం గడ్తరు.
అందుకే అట్టముక్క మీద నేనే రాసి గోడకు గొట్టిన:

ఆగి ఆగి కూస్తే బ్యాటరీ.
రాత్రి కరెంటు లేదు, చార్జరు పండుకున్నది,
నీ తప్పుగాదు.

రెండు రెండుగ కూస్తే దమ్ము చాలుతలేదు.
మూత కింది జల్లెడ తియ్యి,
ప్రాణహిత ఒండు గోరుమందం పట్టి ఉంటది.
నాజిల్ల పిన్నీసు పొడవకు, బొక్క పెద్దగైతది.
పండ్లు తోమిన పాత బ్రష్షు చాలు.
నోటితోని ఊదకు.
(ఈ మాట కింద రెండు గీతలు గీసిన.)

ఎడతెగకుంట కూస్తే
టాంకు ఎండింది, మోటరు ఉట్టిగ తిరుగుతున్నది.
ముందు స్విచ్చి బందు చెయ్యి,
తర్వాత నన్ను తిట్టు.

మొన్న పొద్దుగూకంగ తలాండి బక్కన్న వచ్చిండు.
వీపు మీది డబ్బా దించకుంటనే అన్నడు:
"గీ కూత వైరు కోసెయ్యి పోచాలూ.
టాంకుకు ఇరువై రూపాలు.
కూసినప్పుడల్ల ఆగితే
దినానికి నాలుగు టాంకులు పోతున్నయి.
గట్టు మీద కుర్చేసుకున్న సేటుకు
చెవులు మంచిగ పనిచేస్తయి."

నిరుడొకనికి కోసిచ్చిన.
ఆ ముచ్చట ఇప్పుడొద్దు.

డబ్బా బల్ల మీద వెట్టి, ప్లయరు పట్టి తలెత్తిన.
బక్కన్న కండ్లల్ల నల్లగుడ్డు ఆవగింజంతైంది.
పెదిమ మూలకు సొల్లు.
కార్తీకం చలిల అంగి పిండుకునేటంత చెమట.
ఏళ్లు ఊకె వణుకుతున్నయి.
"బల్బు చుట్టూత పొగున్నదా?" అని అడిగిండు.
పొగ లేదు.

నా అట్టముక్క మీద ఈ కూత లేదు.

అంగి ఇప్పిచ్చిన. బోరింగు కింద కూసోవెట్టి
సబ్బుతోని వీపు కడిగిన.
ఏం మందు కొట్టినవంటే
జేబులకెల్లి సీసా మూత తీసిండు, మూత ఒక్కటే.
సీసాకు పిలగాన్ని సైకిలేసి చేనుకు తోలి,
నేను బండి తీసిన, సిరొంచ దవాఖానకు.
తువ్వాలతోని ఆయనను నా నడుముకు కట్టుకున్న.

"బక్కన్నా..."
"ఊ."
సాగువాన్ల నడుమ చీకటి.
"బక్కన్నా..."
"ఊ."
ఆగి ఆగి.
ఆ రెండు ఊల నడుమ జాగ
గుంత గుంతకు పెరుగుతున్నది.
యాక్సిలేటరు ఇంతకంటె తిరుగది.

సూది ఇచ్చిండ్రు.
తెల్లారినంక చెప్తమన్నరు.

తిరిగొచ్చేసరికి దుకాణంల
డబ్బా ఇంక కూస్తనే ఉంది.
బందు చెయ్యబుద్ధి కాలే.
అట్టముక్క కింద నాలుగేళ్ల జాగ మిగిలింది.
మార్కరు గీస్తే గీత వడలే.
బొగ్గు కోసం పొయ్యి కాడికి వోయిన.