మంచు పడిన బొమ్మ

రాత్రి రెండున్నర. చినవాల్తేరులో కరెంటుంది.
తెర మీద సూర్యుణ్ని ఒక నల్ల బిళ్ల కప్పేసింది.
ఆయన కనపడకపోతేనే
ఆయన విసిరింది కనపడుతుంది.

నేను మూడు నెలల పసిదాన్నై ఉన్నప్పటి పేలుడు ఇది.
ఆ రోజు అమ్మకి ఆకాశంలో ఏమీ కనపడలేదట,
ఎండ తప్ప.

ఈ బొమ్మలోంచి ముందు బొమ్మను తీసేస్తాను.
మిగిలిన తేడా నురగలా ఉబ్బుతుంది.
దాని అంచు మీద గుర్తు పెడతాను,
ఇక్కడ... కాదు, కాస్త ఇవతల...
వేలు వణికితే
సెకనుకు యాభై కిలోమీటర్లు తప్పు.
పద్దెనిమిది వందలు అని రాసుకున్నాను,
పెన్సిల్‌తోనే.

నాలుగో బొమ్మకి మంచు.
లంబసింగి మంచు కాదు.
మబ్బు ఇంకా దారిలోనే ఉంది, రోజున్నర ప్రయాణం,
అది తరిమిన ప్రోటాన్లు మాత్రం గంట తిరక్కుండా వచ్చి
కెమెరా కంట్లో కొట్టాయి.
తెల్ల చుక్కలు, గీతలు, పేలిన జొన్నలు.
దేన్ని కొలుస్తున్నానో
అదే నా కొలబద్దను చెరిపేస్తోంది.

పొద్దున్నే జాలారిపేటలో ఎల్లాజీ బాబాయి
తడి ఇసకలో మడమ దించి నిలబడ్డాడు.
"గాలి నేదు, మబ్బు నేదు. అయినా కెరటం సూడు,
ఎలా లెగుస్తందో.
ఎక్కడో అండమాను కాడ పుట్టుంటాది.
అది రాక ముందే దాని కబురొచ్చీసినాది."
పెద్ద కెరటం వస్తే తుఫాను ఖాయమా, అన్నాను.
"అలాగైతే మేవందరం ఎప్పుడో మేడలు కట్టీద్దుం."

నూట నలభై మూడు పేలుళ్లు నా దగ్గర.
వేగం అడ్డంగా, కణాల జడి నిలువుగా.
చుక్కలన్నీ ఒక గీత వైపు వొరుగుతాయి,
గీత మీద కూర్చోవు.
ఒకటి మహా వేగంగా లేచి ఏమీ తేలేదు,
తూర్పంచున పేలింది పాపం;
తిరిగే సూర్యుడు విసిరిన వంకర దారులు
పడమటంచునే మన గుమ్మానికి ముడేస్తాయి.
ఇంకొకటి మందకొడి. అయినా కుండపోత.
ముందురోజు ఎవరో ఆ దారంతా
దుమ్ము రేపి వెళ్లారు కాబోలు.

"ఈ ఒక్కటి తీసేస్తే గీత చక్కగా వస్తుంది కదమ్మా"
అన్నారు పేరిందేవి మేడం, కళ్లజోడు తుడుచుకుంటూ.

బాబాయి ఆ రోజు పడవ దించలేదు.
తుఫాను ఒరిస్సా వైపు పోయింది.
రేవులో ఎవరూ ఆయన్ని వెక్కిరించలేదు.

నేను ఆ చుక్క చుట్టూ
పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టాను.