నూటపన్నెండో భాగం

టంగుటూరు దాటాక, హైవేకి ఎడమపక్క,
పొయ్యి వెలిగించి ఆరేళ్లయిన పొగాకు బేరన్.
లోపల నాలుగు బొంతలు వేలాడదీసి,
మా నాన్న ఆకు కర్రలు పేర్చిన చోట
ఆదివారాలు నా గొంతు ఆరబెట్టుకుంటాను.
మందం గోడలు. మాట బయటికి పోదు,
పాత ఆకు వాసన మాత్రం మాటలోకి వస్తుంది.

ఇదే ఆఖరి ఆదివారం.
కొన్నాయన తాళంచెవి అడిగాడు.
ఇటుకలు మంచివట, మూల నుంచి మూలకి
వేలితో లెక్కబెట్టుకుని వెళ్లాడు.

అందుకని ఇవాళ కొత్త పుస్తకం లేదు.
మీ ప్రశ్నలే.

చీమకుర్తి క్వారీ నుంచి మస్తాన్‌వలి:
"బండకి లోడు పడేదాకా మూడు గంటలు ఖాళీ.
ఆ లోపల అయిపోయేదేదన్నా చెప్పండి."
ఉందండీ. నూరు పేజీలు లేదు.
అయిపోయాక మాత్రం కృష్ణపట్నం పోర్టు దాకా
అదే ఆలోచన. బ్రేకు మీద కాలుంచండి.

కందుకూరు ఆస్పత్రి నుంచి సిస్టర్ సారమ్మ:
"నైట్ డ్యూటీలో చదవాలి. చావు లేని నవల కావాలి."
వారం రోజులు వెతికాను సిస్టర్.
ఒక వంటల పుస్తకం దొరికింది.
అందులోనూ నూటనలభయ్యో పేజీలో
కొరమేనుని బతికుండగానే తెచ్చుకోమన్నారు.

దర్శి నుంచి పదో తరగతి పిల్లాడు, పేరు రాయలేదు:
"అక్కా, పుస్తకాలు చదివితే ఏమొస్తుంది?"
నాకు కళ్లజోడు వచ్చింది.
వేలం కేంద్రంలో బేళ్ల మీద నంబర్లు వేసే ఉద్యోగం
పుస్తకాల వల్ల రాలేదు, అబద్ధమెందుకు.
ఇంకేదో కూడా వచ్చింది, దాని పేరు తెలీదు.
మా నాన్న కళ్లు మూసుకుని
ఆకుని వేళ్ల మధ్య నలిపి గ్రేడు చెప్పేవాడు,
అలాంటిది.

నీలం అట్ట, ఒక మేనత్త, విడవకుండా వాన,
ఆఖరి పేజీలు లేవు. పొదిలి హైమావతి గారు
మూడేళ్లుగా అడుగుతున్న పుస్తకం.
దొరకలేదమ్మా.
ఎవరికైనా కనపడితే ఆమెకివ్వండి,
నాకు చెప్పక్కర్లేదు.

చివరిది ఉత్తరం కాదు, గొంతు.
వెనకాల ఏరియేటర్లు నీళ్లని బాదుతున్న చప్పుడు.
అల్లూరు అవతల రొయ్యల చెరువు కాపలా, పోలయ్య.

"నాకు చదవను రాదు మేడం.
నువ్వు చెప్పిన పుస్తకం ఒక్కటీ నేను చూళ్లా.
రేత్రి నిద్దర రాకుండా ఇంటా ఉంటా.
నువ్వేమో, ఆ పిల్ల తలుపు తీసిందా లేదా
మీరే చదివి తెలుసుకోండని ఆపేస్తివి.
నేనేడ తెలుసుకునేది?
నూటపదకొండు మంది మేడం,
అట్టనే నిలబడుండారు
నా చెరువుగట్టు మీద."

ముగింపు చెప్పకూడదు:
మొదటి వారమే గోడ మీద బొగ్గుతో రాసుకున్నా.
తెలివనుకున్నా.

ఇక్కడ కాసేపు ఏమీ వినపడదు.
కత్తిరించలేదు, ఉండనిచ్చాను.
ఆ తర్వాత ఒక లారీ పోయింది, అదీ ఉంది.

మిగతావాళ్లు ఇంతటితో ఆపేయండి.
మస్తాన్ గారూ, మీరు కూడా.
సిస్టర్, ముఖ్యంగా మీరు.

పోలయ్యా, ఉన్నావా?

ఆ పిల్ల తలుపు తీసింది.
బయట ఎవరూ లేరు, తడిసిన చెప్పులు ఒక జత.
రెండోదాంట్లో అతను ఊరు చేరలేదు.
చేరినట్టు వాళ్లమ్మ అందరికీ చెప్పుకుంది.
మూడోదాంట్లో ముసలామెకి ఉత్తరం అందింది,
విప్పితే తెల్లకాగితం.
నాలుగోది నేను చదవలేదు.
ఆ వారం జ్వరం, వెనక అట్ట చూసి చెప్పేశా.
ఎవరూ పట్టుకోలేదు. నీకు చెబుతున్నా.

ఫోనులో ఛార్జింగ్ పదకొండు శాతం.

ఐదోదానికి వస్తున్నా.
ఏరియేటర్లు ఆపబాకు, రొయ్యలు చస్తాయి.
నేనే గట్టిగా చెబుతా.