రాని పొగగొట్టం

నూటపది మీటర్లు గీశాను దాన్ని,
జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీల వెనక
పదకొండెకరాల రాళ్లనేల మీద.
చివర్న ఎర్ర దీపం కూడా పెట్టాను,
విమానాలు జడుసుకోకుండా.

మొన్న ఉత్తరం వచ్చింది: రద్దు.
కారణం ఒకటిన్నర వాక్యం.

సైటుకెళితే వాచ్‌మన్ మొగులయ్య
పునాది బోల్టులకు తాడు కట్టి
లుంగీ ఆరేస్తున్నాడు.
"బొగ్గు రాదట గద సారూ?
మా పిలగానికి లారీ లైసెన్సు తీపిచ్చిన,
ఎనిమిది వేలు వెట్టి."

సుభాష్‌నగర్‌లో మిఠాయిలు పంచుకున్నారట.
పంచుకోనీ.
ఆ చేతులకీ ఈ వాసనే.
పాత బాయిలర్లు ఎటూ పోలేదు,
రాత్రి రెండు దాటాక
కుళ్లిన క్యాబేజీ కంపు కిటికీ సందుల్లో దూరితే
బస్తీ బస్తీ ఒకేసారి లేచి దగ్గుతుంది.
నేనూ అక్కడే ఉంటాను, మూడో గల్లీ.

గుడిసె కారుతోందన్నాడు మొగులయ్య.
నక్షా ఇచ్చేశాను.
ప్లాస్టిక్ ఫిల్మ్ మీద గీసింది, వానకి ఆగుతుంది.
రేకుల కింద ఇద్దరం పట్టి బిగిస్తుంటే
పొగగొట్టం నడుముకి మడత పడింది,
ఎర్ర దీపం సరిగ్గా
కట్టెల పొయ్యి పైకొచ్చింది.

అన్నం పొంగేలోపే
మసి పట్టడం మొదలైంది.